ఆల్ఫా 0.91 వచ్చింది, పరీక్ష సిద్ధమైనట్టేనా?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)

నమస్తే అందరికీ. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. ఎనిమిదో తరగతి పిల్లల తెలుగు పఠనావగాహన నా అంశం. పరీక్ష నేనే తయారుచేశాను: 8 అపరిచిత గద్యాలు, ఒక్కోదాని కింద 5 ప్రశ్నలు, మొత్తం 40. అన్నీ నాలుగు ఆప్షన్ల బిట్లే, తప్పుకు మార్కు కోత లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు మండలాల సర్కారు బడుల్లో 612 మంది రాశారు. సగటు 21.4, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 7.5, క్రోన్‌బాక్ ఆల్ఫా (మార్కుల నిలకడను చూపే అంకె, గరిష్ఠం 1) 0.91.

నాలుగు ప్రశ్నలకు విచక్షణా శక్తి (బాగా చదివే పిల్లలనూ చదవలేనివాళ్లనూ వేరుచేసే శక్తి) సున్నా దగ్గరే ఉంది. అవి తీసేస్తే ఆల్ఫా 0.92 అవుతోంది. తీసేయొచ్చా? ఇంకొకటి. 35 శాతం లెక్కన 14 మార్కుల దగ్గర గీత పెట్టి, అంతకు తక్కువ వచ్చిన పిల్లలకు సాయంత్రం ప్రత్యేక తరగతులు నడపాలనుకుంటున్నా. హెడ్మాస్టర్లు ఒప్పుకున్నారు. ముందుకు పోవచ్చా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

0.91 అంటే చానా బాగున్నట్టే అన్నా. 0.7 దాటితే చాలని మా బ్యాచ్‌లో అందరం థీసిస్‌లో రాసుకున్నాం. ఆ నాలుగూ తీసేసి 36 ప్రశ్నలతో ఫైనల్ చేసేయండి.

మాపనం అనంతపురం

తమ్ముడూ, 612 మంది పిల్లల చేత రాయించడం చిన్న పని కాదు. ఆ కష్టం వృథా పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా. ఆ నాలుగు ప్రశ్నలు ఇప్పుడే తీయొద్దు. ప్రత్యేక తరగతుల జాబితా కూడా ఇంకా రాయొద్దు. నేను ఇరవై ఏళ్లుగా బడిపిల్లల పరీక్షల మీదే పనిచేస్తున్నాను, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ 14.

నాలుగు ఆప్షన్లున్న 40 బిట్లు. గద్యం చూడకుండా గుడ్డిగా టిక్కులు పెట్టుకుంటూ పోయినా సగటున 10 మార్కులొస్తాయి. ఆ పదికి అటూఇటూ ఉండే ప్రామాణిక విచలనం 2.7. ద్విపద విభాజనం (ఊహించి పెడితే ఎన్ని మార్కులు ఎంతమందికి వస్తాయో చెప్పే లెక్క) వేసి చూడు. ఒక్క వాక్యం కూడా చదవలేని పిల్లలు వందమంది రాస్తే, వాళ్లలో సుమారు పదిమందికి 14 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి. ఎవరికోసం సాయంత్రం తరగతులు పెడుతున్నావో, వాళ్లలో పదోవంతు మంది ఆ గీత దాటేసి ఎవరి కంటా పడకుండా వెళ్లిపోతారు. 35 శాతమనేది మనకు పబ్లిక్ పరీక్షల నుంచి వచ్చిన అలవాటు. చేత్తో జవాబు రాసే పేపరుకు పెట్టిన గీత, బిట్ల పేపరు మీదికి వచ్చేసరికి ఇంకో అర్థంలోకి పోతుంది.

ఇక ఆల్ఫా. మనం బిట్లకు 1, 0 వేసినప్పుడు అది 1937లో కూడర్, రిచర్డ్‌సన్ ఇచ్చిన ఇరవయ్యో సూత్రమే. క్రోన్‌బాక్ 1951లో దాన్ని విస్తరించి ఆల్ఫా అని పిలిచాడు. ఒక ప్రశ్నలో జరిగే పొరపాటుకూ ఇంకో ప్రశ్నలో జరిగే పొరపాటుకూ సంబంధం ఉండదని ఆ లెక్క నమ్ముతుంది. నీ పరీక్షలో ఆ నమ్మకం నిలవదు. ఒక గద్యం తలకెక్కని పిల్లకు దాని కింద ఐదూ పోతాయి, ఆ సంగతి ముందే తెలిసిన పిల్లకు ఐదూ వస్తాయి. ఐదు ప్రశ్నలు ఒకదాన్ని ఒకటి పట్టుకుని లేస్తూ పడుతూ ఉంటే, సూత్రం దాన్ని నిలకడ అనుకుంటుంది. ఇట్లాంటి ప్రశ్నల గుంపుకు 1987లో వైనర్, కీలీ టెస్ట్‌లెట్ అని పేరు పెట్టారు. ఆ గుంపును పట్టించుకోకపోతే విశ్వసనీయత ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుందని 1991లో సిరేసీ, థిస్సెన్, వైనర్ చూపించారు. నువ్వు చేయాల్సింది తేలికే. గద్యానికొక మార్కు, 0 నుంచి 5 వరకు. అట్లా 8 స్కోర్లు తీసి వాటి మీద ఆల్ఫా మళ్లీ వెయ్యి.

కర్నూలు తమ్ముడికి కూడా ఒక మాట. 0.7 సరిపోతుందా లేదా అన్నది ఆ పరీక్షతో ఏం చేస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు గుంపుల సగటులు పోల్చుకునే పనికి అది సరిపోవచ్చు, ఒక్క పిల్లను పక్కకు పిలిచి కూర్చోబెట్టే పనికి సరిపోదు. పైగా పరీక్ష పొడుగు పెంచితే ఆల్ఫా తనంతట తానే పెరుగుతుంది. 20 ప్రశ్నలకు 0.70 ఉంటే, అదే రకం ప్రశ్నలు 80 చేస్తే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం 0.90 అవుతుంది. ప్రశ్నల నాణ్యత ఏమీ మారలేదు, సంఖ్య పెరిగిందంతే.

క్రోన్‌బాక్ చివరి వ్యాసం ఆయన పోయాక 2004లో షావెల్‌సన్ సాయంతో అచ్చయింది. ఒక పరీక్ష గురించి చెప్పాల్సిన అతి ముఖ్యమైన అంకె మాపన ప్రామాణిక దోషం (పిల్ల మార్కు ఎంత అటూఇటూ ఊగవచ్చో చెప్పేది), ఆల్ఫా లాంటి గుణకం కాదు అని అందులో తేల్చి చెప్పాడు. ఆల్ఫా అని పేరు పెట్టిన మనిషే ఆ మాట అన్నాడు కాబట్టి మనం వినాలి. నీ లెక్కన అది 7.5 గుణించు 0.09 (1లోంచి ఆల్ఫా 0.91 తీస్తే మిగిలేది) వర్గమూలం, అంటే 2.25 మార్కులు. గద్యాల లెక్క వేశాక ఎంత అవుతుందో చూసి చెప్పు. ఆ నాలుగు ప్రశ్నలు ఏ గద్యాల కిందివో కూడా చెప్పు.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)

మేడం, రాత్రే కూర్చుని వేశాను. గద్యాల మీద ఆల్ఫా 0.82. ప్రామాణిక దోషం 3.2కు పెరిగింది. 14కు అటూఇటూ మూడు మార్కులు, అంటే 11 నుంచి 17 లోపల 131 మంది ఉన్నారు. వీళ్లను ఏ వైపు వేయాలో తెలియడం లేదు.

నాలుగు ప్రశ్నల్లో మూడు ‘ఆటుపోట్లు’ గద్యంలోవి. ఒకటి ‘గండికోట’ గద్యంలో చివరిది.

చాక్‌పీసు (జమ్మలమడుగు)

సార్, నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. గండికోట గద్యం గురించి ఒకటి చెప్పాలి. మా పిల్లోళ్లలో చానామంది బడి నుంచో ఇంట్లోవాళ్లతోనో కోట చూసొచ్చినోళ్లే. పెన్నా లోయ, ధాన్యాగారం, జుమ్మా మసీదు అన్నీ తెలుసు వాళ్లకు. గద్యం చదవకుండానే జవాబులు పెట్టేస్తారు. బద్వేలు పిల్లలకు ఆ వీలు లేదు కదా.

మాపనం అనంతపురం

చాక్‌పీసు సార్ చెప్పింది ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా విలువైన మాట. బడిలో ఉన్నవాళ్లు చెప్తే తప్ప ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని మనకు ముందుగా చెప్పదు.

తమ్ముడూ, దీన్ని తేల్చుకోవడానికి దారి ఉంది. పరీక్ష రాయని ఒక సెక్షన్ పిల్లలకు గద్యాలు లేకుండా ప్రశ్నలు మాత్రమే ఇవ్వు. ఊహించి పెడితే గద్యానికి సగటున 1.25 మార్కులే రావాలి. గండికోటకు జమ్మలమడుగులో మూడు, మూడున్నర వస్తే అది పఠనాన్ని కొలవడం లేదు, పరిచయాన్ని కొలుస్తోంది. రెండోది మాంటెల్-హెన్‌జెల్ పరీక్ష. 1959లో వైద్య పరిశోధన కోసం పుట్టిన పద్ధతి. 1988లో హాలండ్, థేయర్ దాన్ని ప్రశ్నల పక్షపాతం పట్టుకోవడానికి తెచ్చారు. మొత్తం మార్కులు సమానంగా ఉన్న జమ్మలమడుగు పిల్లల్నీ బద్వేలు పిల్లల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో ప్రశ్న దగ్గర తేడా ఉందేమో చూస్తుంది. ఆర్ అనే సాఫ్ట్‌వేరులో ఉచితంగా చేసుకోవచ్చు.

ఆటుపోట్ల సంగతి దీనికి తిరగబడ్డ ముఖం. సముద్రం ఎప్పుడూ చూడని పిల్ల ఆ గద్యంలో ఓడిపోతే చదవడం రాదని రాసేయగలమా? మెసిక్ 1989లో సప్రమాణత (పరీక్ష కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది) గురించి రాస్తూ హెచ్చరించింది ఈ రెండిటి గురించే: కొలవాలనుకున్నదానితో సంబంధం లేని కష్టం, సంబంధం లేని సులువు. కాబట్టి ఆల్ఫా పెరుగుతోందని ఆ మూడు ప్రశ్నలు తీసేయకు. ముందు కీ సరిచూడు, రెండు జవాబులు సరైనవిగా ఉన్నాయేమో చూడు, తర్వాత గద్యం మొత్తం ఉంచాలా వద్దా ఆలోచించు. కష్టమైన ప్రశ్న వేరు, చెడ్డ ప్రశ్న వేరు. బాగా చదివే పిల్లలను వాళ్లలో వాళ్లను వేరుచేసేది ఆ కష్టమైన ప్రశ్నే.

మన ప్రాంతంలో ఈ సమస్య కొత్తది కాదు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 3,000 మంది పిల్లలను వెంబడించింది. అనంతపురం, కడప జిల్లాలు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలో తయారైన పీబాడీ పదజాల పరీక్షను వాళ్లు తెలుగులోకి తెచ్చి వాడారు. ప్రశ్నలవారీగా విశ్లేషించాక, వేరు వేరు భాషల పిల్లల స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చొద్దని జాగ్రత్త చెప్పారు. అంత పెద్ద బృందమే అట్లా ఆగి చూసుకున్నప్పుడు మనం ఆగడానికి సంకోచం అక్కర్లేదు.

గీత విషయానికొస్తే, యాంగాఫ్ పద్ధతి పట్టుకో. ఎనిమిది, పదిమంది తెలుగు టీచర్లను కూర్చోబెట్టు. కష్టం మీద చదవగలిగే పిల్లను మనసులో పెట్టుకుని, అట్లాంటి వందమందిలో ఈ ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా చెప్తారో ప్రశ్న ప్రశ్నకూ అంకె వేయమను. వాళ్ల సగటులన్నీ కూడి వందతో భాగిస్తే గీత వస్తుంది. చాక్‌పీసు సార్ లాంటివాళ్లు అందులో తప్పకుండా ఉండాలి. కొత్త గీతకు అటూఇటూ మూడు మార్కుల్లో ఉన్న పిల్లలను ఈ ఒక్క పేపరుతో ఎటూ తోయొద్దు. వాళ్ల చేత ఇంకో రెండు గద్యాలు బయటికి చదివించు, క్లాసు టీచర్ను అడుగు. అప్పటికీ తేలకపోతే ప్రత్యేక తరగతిలో చేర్చు. అక్కర్లేని పిల్ల నాలుగు సాయంత్రాలు ఎక్కువ చదివితే నష్టం తక్కువ. అవసరమున్న పిల్ల తప్పిపోతే తొమ్మిదిలోకి, పదిలోకి అట్లాగే నడిచిపోతుంది.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు)

మేడం, సోమవారం హెడ్మాస్టర్లతో మాట్లాడి తరగతుల జాబితా ఆపిస్తాను. ఆటుపోట్ల గద్యాన్ని కొంతమంది పిల్లలతో కూర్చుని చదివిద్దామనుకుంటున్నా. ఎట్లా అడగాలి?

మాపనం అనంతపురం

తల్లిదండ్రుల అనుమతి తీసుకుని ఒక్కొక్కరితో విడిగా కూర్చో. ప్రశ్న చదివి జవాబు పెట్టాక ‘ఇది ఎందుకు పెట్టినావు?’ అని మాత్రం అడుగు, తప్పైనా దిద్దొద్దు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో. బాగా మార్కులొచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టు, సరైన జవాబు తప్పుడు కారణంతో పెట్టినవాళ్లు అక్కడ దొరుకుతారు. మాంటెల్-హెన్‌జెల్ ఫలితాలు వచ్చాక ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.