అప్‌డేట్: కేంబ్రిడ్జి పేరు కామ్ నది నుంచి రాలేదు

"కామ్ నది మీద వంతెన కాబట్టి కేంబ్రిడ్జి అయితే, లాటిన్‌లో కాంటాబ్రిజియా అని ఎందుకు రాస్తారు?" అన్నది నా ప్రశ్న. ఇప్పటి మ్యాపు పక్కన పెట్టి పాత రూపాలను కాలక్రమంలో రాసుకోమన్న సలహాతోనే చిక్కు విడింది. చెప్పినవారికి కృతజ్ఞతలు.

నది అసలు పేరు గ్రాంటా. 875 నాటి సంఘటనలు చెప్పేచోట ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే పాత ఇంగ్లిష్ చరిత్ర గ్రంథం ఈ ఊరిని గ్రాంటెబ్రిడ్జ్ అంటుంది. 1086 నాటి ఇంగ్లండ్ భూముల సర్వే గ్రంథం డూమ్స్‌డే బుక్‌లో గ్రెంటెబ్రిజ్. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచి వచ్చాక వాళ్ల ఉచ్చారణ ప్రభావంతో గ్ర కాస్తా క అయి, 12వ శతాబ్దంలో కాంటెబ్రిజ్ రూపాలు కనిపిస్తాయి. లాటిన్ పేరు ఆ దశలోదే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం డిగ్రీల పక్కన రాసే 'కాంటాబ్' దాని సంక్షిప్తమే. తర్వాత 'టె' అరిగిపోయి, బకారం ముందు నకారం మకారమైంది. చివరకు ఊరి పేరును విడదీసి నదికే కామ్ అని పెట్టారు. అంటే ఊరు నదికి పేరిచ్చింది! నది పైభాగానికి గ్రాంటా అన్న పేరు నేటికీ ఉంది.

వెల్ష్‌లో 'కామ్' అంటే వంకర అన్న ఆధారం ఇక్కడ పనికిరాలేదు. పేరు దగ్గరగా వినిపించే మరో ఇంగ్లిష్ ఊరు కాంటర్బరీతోనూ సంబంధం లేదు, అది కెంట్ ప్రజల కోట. రోమన్ కాలంలో ఈ ఊరికి ఉన్న డ్యూరోలిపోంటే అన్న పేరు పూర్తిగా వేరు.

బాగా పొరబడే చోటు ఒకటుంది. 8వ శతాబ్దపు ఇంగ్లిష్ చరిత్రకారుడు బీడ్ రాసిన గ్రాంటకెస్టిర్ పక్కనున్న గ్రాంట్‌చెస్టర్ గ్రామం కాదు, కేంబ్రిడ్జే. ఆ గ్రామం డూమ్స్‌డేలో గ్రాంటెసెటె, అంటే గ్రాంటా ఒడ్డున స్థిరపడినవాళ్లు.