అప్‌డేట్: రైల్వే పార్శిల్‌లో దొంగిలించిన ఫ్యాన్లు కొన్నానని ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) నోటీసు – ముగిసింది

మధ్యవర్తి దగ్గర కొన్న ఫ్యాన్ల పెట్టెలు దొంగసొత్తని నోటీసు వచ్చిందని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నన్ను సాక్షిగానే తీసుకున్నారు.

మనమంతా చర్చించిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 317వ సెక్షన్, అంటే దొంగసొత్తు తీసుకున్న నేరం (పాత ఐపీసీ 411), నాకు వర్తించలేదు. దాని కింద, దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కొన్నట్టు పోలీసులే నిరూపించాలి. రవాణాలో రైల్వే అధీనంలో ఉన్న సరుకుకు మాత్రం 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం ఉంది. అక్కడ లెక్క తలకిందులు: సక్రమంగా వచ్చిందని మనమే చూపాలి, లేకపోతే మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు. ఈ సంగతి మా వకీలు చెప్పేదాకా తెలియలేదు.

గట్టెక్కించింది జీఎస్టీ బిల్లు, బ్యాంకు ద్వారా చెల్లింపు. పెట్టెల మీద పార్శిల్ మార్కును గోకేసి, పైన కొత్త చీటీ అతికించారు. ఎస్సై గోటితో లేపితే కింద అంకెలు కనబడ్డాయి!

సరుకు అమ్మినవాడికే తిప్పి పంపమన్న సలహా పాటించకండి. దొంగసొత్తు మాయం చేయడానికి సాయపడినట్టవుతుంది. ముందస్తు బెయిలు అవసరం పడలేదు. ఫ్యాన్లు మాత్రం అసలు యజమానికే చెందుతాయి, నా డబ్బు కోసం మధ్యవర్తి మీద దావా వేస్తున్నాను.