ఎస్కాఫ్లోన్ బ్లూరే సమీక్ష: కథను తూచాలా, డిస్కును తూచాలా?

వెన్నెలదారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మిత్రులం కలిసి నడుపుకుంటున్న ఒక చిన్న సినిమా పత్రిక కోసం ‘ది విజన్ ఆఫ్ ఎస్కాఫ్లోన్’ బ్లూరే పెట్టెపై సమీక్ష రాయడానికి ఒప్పుకున్నాను. అమెరికాలో ఉంటున్న మా పిన్నిగారి అబ్బాయి సెలవులకు వస్తూ తెచ్చిన పెట్టె అది. 1996లో జపాన్‌లోని టీవీ టోక్యోలో ప్రసారమైన ఈ 26 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్‌ను కళాశాల రోజుల్లో ఒక స్నేహితుడి కంప్యూటర్‌లో అరకొరగా చూశానే తప్ప, వరుసగా పూర్తిగా చూడటం ఇదే మొదటిసారి.

రాయడానికి కూర్చున్న తరువాతే చిక్కు తెలిసింది. కథ గురించి ఇప్పటికే ఎందరో రాశారు కనుక నేను కొత్తగా చెప్పగలిగేది తక్కువ. డిస్కు గురించి రాద్దామంటే, ఏది గుణమో ఏది దోషమో తేల్చుకునే అనుభవం నాకు లేదు. ఉదాహరణకు, బొమ్మ అంతటా సన్నని ఇసుక రాలుతున్నట్టు ఒక కదలిక కనబడుతోంది, తెరకు రెండు వైపులా నల్లని పట్టీలు మిగిలిపోతున్నాయి, పైగా మొదటి ఏడు ఎపిసోడ్లు నేను అప్పట్లో చూసిన వాటికన్నా కాస్త నిడివిగా ఉన్నట్టు అనిపిస్తోంది. ఇవన్నీ లోపాలుగా లెక్కించి మార్కులు తగ్గించాలా? జపనీస్ మాటలతో చూసి రాయాలా, ఇంగ్లీషు డబ్బింగ్‌తో చూసి రాయాలా? అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు. చివరి ఆరు ఎపిసోడ్లు ఇంకా చూడలేదు కాబట్టి, దయచేసి అక్కడి రహస్యాలు బయటపెట్టకండి.

పాతరీలు

వెన్నెలదారి గారూ, మీరు చెప్పిన మూడింటిలో ఒక్కటి కూడా లోపం కాదు. నా దృష్టిలో మీ సమీక్షకు అసలు సరుకు ఆ మూడింటిలోనే ఉంది.

ముందు ఆ ఇసుక సంగతి. ఆ రోజుల్లో టీవీ యానిమేషన్‌ను పారదర్శకమైన సెల్ షీట్ల మీద చేత్తో రంగులద్ది, వాటిని నేపథ్య చిత్రం మీద పరిచి, ఫ్రేము తరువాత ఫ్రేముగా ఫిల్ముపైకి ఎక్కించేవారు. మీకు కనబడుతున్న కదలిక ఆ ఫిల్ములోని రసాయన రేణువులది, అంటే గ్రెయిన్. మన పాత నలుపు తెలుపు చిత్రాలను కొత్త ప్రింటులో చూసినప్పుడు ఆకాశంలో కనబడేది కూడా ఇదే. దీన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే బొమ్మ నునుపుగా, నేటి కాలపుదిగా కనబడుతుంది గాని, ఆ తుడుపులో కలంగీతల అంచులు కరిగిపోతాయి, నేపథ్యంలో కుంచె జాడలు చెరిగిపోతాయి. కాబట్టి రేణువు ఉన్నదా లేదా అన్నది కాదు, అది నిలకడగా సహజంగా ఉన్నదా, లేక వేగంగా కదిలే ఘట్టంలో గళ్లు గళ్లుగా విరిగిపోతున్నదా అన్నది చూడండి. మొదటి ఎపిసోడ్‌లో పరుగు పందెపు దారి మీద కథానాయిక హితోమి ఎదుట, వేరే లోకపు యువరాజు వాన్ ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యే చోట, ఆ వెలుగు స్తంభం చుట్టూ ఉన్న రంగుల అంతరాలను జాగ్రత్తగా గమనించండి. బలహీనమైన డిస్కు అయితే అక్కడ వెలుగు మెట్లు మెట్లుగా చీలిపోతుంది.

ఈ విరుపుకు కారణం చాలాసార్లు పొదుపే. 50 గిగాబైట్ల డిస్కులో 24 నిమిషాల ఎపిసోడ్లు ఏడు పెడితే, ధ్వనితో కలిపి సెకనుకు సుమారు 39 మెగాబిట్ల వరకు చోటు దొరుకుతుంది. అదే డిస్కులో 13 ఎపిసోడ్లు కుక్కితే అది 21 మెగాబిట్లకు పడిపోతుంది. రేణువు ఉన్న బొమ్మలో ప్రతి ఫ్రేమూ వెనకటిదానికి భిన్నంగా ఉంటుంది కనుక దానికి డేటా ఎక్కువ కావాలి. డిస్కుకు ఎన్ని ఎపిసోడ్లు ఉన్నాయో మీ సమీక్షలో ఒక్క వాక్యంలో చెప్పండి, కొనేవారికి అది వంద విశేషణాల కన్నా ఎక్కువ చెబుతుంది.

నల్లని పట్టీల గురించి దిగులు వద్దు. ఈ సిరీస్‌ను గీసిందే పాత టీవీ తెరలకు సరిపోయే నాలుగుకు మూడు కొలతలో. తెర నిండాలన్న ఆశతో పైనా కిందా కోసేసిన ప్రతిలో అయితే, నొబుతెరు యూకి గీసిన ఆ పొడవాటి ముఖాలకు నుదురో గడ్డమో పోయేది (ముక్కులు మాత్రం ఎలాగూ పోవు, ఈ సిరీస్‌లోని ముక్కుల మీద అభిమానులే ముప్పై ఏళ్లుగా హాస్యమాడుతున్నారు).

ఇక నిడివి. అది మీ భ్రమ కాదు. ప్రసార సమయానికి ఒదగడం కోసం మొదటి ఏడు ఎపిసోడ్లలో కొన్ని సన్నివేశాలను తగ్గించారు. జపాన్‌లో ఇంటి వీడియోగా విడుదల చేసినప్పుడు దర్శకుడు కజుకి అకానె వాటిని తిరిగి చేర్చారు. అమెరికాలో తొలుత వచ్చిన డీవీడీలలో అవి లేవు. అందువల్ల వాంకూవర్‌లో తయారైన పాత ఇంగ్లీషు డబ్బింగ్‌లో ఆ సన్నివేశాలకు మాటలే లేవు. 2016లో ఫునిమేషన్ సంస్థ అభిమానుల నుంచి చందాలు సేకరించి మొత్తం సిరీస్‌కు కొత్త డబ్బింగ్ చేయించడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అంటే మీ చేతిలో ఉన్నది, టీవీలో వచ్చిన కథకు మెరుగైన నకలు మాత్రమే అనుకోకండి, అది వేరొక పాఠం. మన ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారు తాళపత్ర ప్రతుల మధ్య పాఠభేదాలను చూపించినట్టు, మీరూ ఏ పాఠాన్ని చూశారో చెప్పి తీరాలి.

గోదారిగట్టు

పాతరీలు గారి మాటలతో నాకు పెద్దగా పేచీ లేదు గాని, ఒక హెచ్చరిక. మెగాబిట్ల లెక్కతో మొదలయ్యే సమీక్షను మీ పత్రిక పాఠకులలో ఎంతమంది రెండో పేరా దాకా చదువుతారో ఆలోచించండి. మీ పాఠకుడు ముందుగా తెలుసుకోవాలనుకునేది, ఇంత పాత సిరీస్‌ను ఈనాడు ఎందుకు చూడాలి అన్నదే.

నా వరకు ఆ జవాబు దాని పోరాటాల్లో ఉంది. గైమెలెఫ్ అనే ఆ మహా కవచాలు గాలిలో తేలికగా ఎగిరే యంత్రాలు కావు. వాటికి బరువుంది, అవి అడుగు వేస్తే నేల అదురుతుంది, కత్తి దూస్తే ఆ ఊపును ఆపుకోవడానికి ఒక క్షణం పడుతుంది. పైగా ఎస్కాఫ్లోన్‌ను నడిపేందుకు వాన్ ఒక డ్రాగన్‌ను చంపి దాని గుండెలోని రాయిని తేవాలి, తన రక్తంతో యంత్రంతో ఒడంబడిక చేసుకోవాలి. ఆ ఒడంబడికకు చెల్లించే వెల ఏమిటో యంత్రానికి గాయమైనప్పుడు అతని ఒంటిమీదే తెలుస్తుంది. అందుకే ఇందులో గెలిచిన ప్రతి పోరాటమూ ఒక నష్టంలాగే కనిపిస్తుంది. రెండో ఎపిసోడ్‌లో కంటికి కనబడని శత్రువులు ఫనేలియా రాజ్యాన్ని తగలబెట్టే ఘట్టంలో, ఎదురుగా ఎవరూ లేకుండానే సైనికులు కూలిపోవడం చూస్తే, నేటి కంప్యూటర్ బొమ్మల హోరులో మనం ఏం పోగొట్టుకున్నామో తెలిసివస్తుంది.

అదే సమయంలో దోషాన్ని దాచకండి. మొదట 39 ఎపిసోడ్లుగా అనుకున్న కథను 26కు కుదించారు. ఆ కుదింపు ఫలితం తొలి భాగంలో లాభించింది, ఎక్కడా సాగదీత లేదు. ద్వితీయార్ధంలో మాత్రం హితోమి, వాన్, యోధుడు అలెన్‌ల మధ్య మనసుల మలుపులు ఒక్కోసారి ఒకే ఎపిసోడ్‌లో రెండేసి చొప్పున జరిగిపోతాయి. నిన్న ఒకరికి మాట ఇచ్చిన మనిషి ఈరోజు ఎందుకు మారిందో ఆలోచించుకునేలోపే యుద్ధం మొదలవుతుంది. మిగిలిన ఆరూ చూశాక నాతో ఏకీభవిస్తారో లేదో చెప్పండి.

ఇంకొకటి, కొనేవారి కోసం. బ్లూరే విషయంలో అమెరికా, జపాన్ రెండూ ‘ఎ’ (A) ప్రాంతం కిందికి వస్తాయి, మన దేశం ‘సి’ (C) కిందికి వస్తుంది. డీవీడీలకైతే అమెరికాది 1, జపాన్‌ది 2, మనది 5. పెట్టె వెనుక గుర్తు చూడకుండా తెప్పించుకుని, ఇక్కడి ప్లేయరులో పెడితే ఆడక, తెల్లముఖం వేసినవారిలో నేనూ ఒకణ్ణి.

చలిపిడుగు

డబ్బింగ్ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను. నేను టెక్సస్‌లో ఉంటాను. 2000లో ఈ సిరీస్‌ను ఇక్కడి ఫాక్స్ కిడ్స్ ప్రసారం చేసినప్పుడు మొదటి ఎపిసోడ్‌ను పక్కన పెట్టి, సంగీతాన్ని చాలాచోట్ల మార్చి, పది ఎపిసోడ్ల తరువాత ఆపేశారు. పిల్లల కోసం పోరాటం ముందుండాలని హితోమి కథను వెనక్కి నెట్టారు. ఆమె చూపు లేకుండా ఈ కథను అర్థం చేసుకోవడం, కథ చెప్పేవాణ్ణి బయటికి పంపి హరికథ వినడం లాంటిది.

అందుకే మీరు జపనీస్ ధ్వనితోనే మొదలుపెట్టండి. హితోమికి గొంతునిచ్చిన మాయా సకమోతోకు అప్పటికి 16 ఏళ్లు. ఆరంభ గీతం పాడిందీ ఆమే. ఆ గొంతులో ఉన్న తడబాటు శిక్షణతో వచ్చేది కాదు. క్రూరుడైన దిలాందౌకు మినామి తకాయమా అనే నటి గొంతునిచ్చారు. ఆ ఎంపికకు కథలోనే ఒక కారణం ఉంది, మీరు కోరారు కనుక ఇంతకు మించి చెప్పను. యోకో కన్నో, హజిమె మిజోగుచి కూర్చిన సంగీతంలో కొంత భాగాన్ని వార్సా ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో వాయింపజేశారు. సమీక్షకు ముందు టీవీ స్పీకర్లతో కాకుండా మంచి హెడ్‌ఫోన్లతో ఒక్క యుద్ధఘట్టమైనా వినండి. బృందగానం పెరిగే కొద్దీ కత్తుల చప్పుడు దానిలో మునిగిపోతున్నదా, విడిగా నిలుస్తున్నదా అన్నదే ధ్వని గురించి రాయదగిన మాట.

సబ్‌టైటిళ్లను కూడా విడిగా పరీక్షించండి. డబ్బింగ్‌లో పలికిన ఇంగ్లీషు మాటలనే జపనీస్ ధ్వని కింద అచ్చువేసే సోమరి పద్ధతి ఒకటి ఉంది. తెర మీద ఒకరు ఒక్క మాట పలికితే కింద రెండు వరుసలు కనబడటం దానికి ఆనవాలు.

పేర్లను తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీషు వర్ణక్రమాన్ని వదిలేయండి. జపనీస్‌లోనూ మనలాగే హ్రస్వదీర్ఘాల భేదం ఉంది. వాళ్లు పలికేది ఎస్కఫ్లోనె. ఓకారం దీర్ఘం, చివరి ఎకారం హ్రస్వం. ఇంగ్లీషు అక్షరాలు ఈ తేడా చూపలేవు గాని మన లిపి చూపగలదు. హితోమి అనే మాటకు కనుపాప అని అర్థం. జరగబోయేది ముందే చూడగల అమ్మాయికి ఆ పేరు పెట్టడం కాకతాళీయం కాదు, కాని ఏ సబ్‌టైటిల్‌లోనూ అది కనబడదు.

పాతరీలు

గోదారిగట్టు గారి హెచ్చరికను ఒప్పుకుంటున్నాను. లెక్కలను చివరి పేరాకు నెట్టవచ్చు, వదిలేయవద్దు. ఒక చిన్న చేర్పు: తరువాతి కాలపు సిరీస్‌లను సమీక్షించేటప్పుడు మరొక తేడా చూడాలి. 1997 డిసెంబరు 16న పోకెమాన్ ఎపిసోడ్‌లోని మిరుమిట్ల వల్ల జపాన్‌లో వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలైన తరువాత, ప్రసారంలో మెరుపు ఘట్టాలను మసకబరచడం మొదలైంది. ఇంటి వీడియోలో చాలాసార్లు ఆ మసక ఉండదు. ఎస్కఫ్లోనె అంతకు ముందుది కనుక మీకు ఆ పని తప్పింది.

వెన్నెలదారి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి రెండు ఎపిసోడ్లను మళ్లీ చూశాను. ఫనేలియా తగలబడే ఘట్టంలో పొగ మీద రేణువు నిలకడగానే ఉంది. మొదటి ఎపిసోడ్‌లోని వెలుగు స్తంభం దగ్గర మాత్రం మెట్లు స్వల్పంగా కనబడ్డాయి. సమీక్షను ఫనేలియా ఘట్టంతోనే మొదలుపెట్టి, నేను చూసింది నిడివి పెంచిన పాఠమని రెండో వాక్యంలోనే చెప్పాలని నిర్ణయించుకున్నాను. శీర్షికలో ‘ఎస్కఫ్లోనె’ అనే రాస్తాను. సంపాదకుడు అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తాడేమోనన్న భయం మాత్రం ఉంది.