అక్క చనిపోతేనే తమ్ముడు పెద్దవాడవుతాడా?

ప్రశ్న:
పిల్లలు పెద్దవాళ్లయ్యే కథలు ఈమధ్య వరసగా చదువుతున్నా. బెంగాలీ నవల ‘పథేర్ పాంచాలి’లో అపు అక్క దుర్గ జ్వరంతో పోతుంది, నలుగురు అక్కాచెల్లెళ్ల కథైన ఇంగ్లీషు నవల ‘లిటిల్ విమెన్’లో వాళ్లలో ఒకరైన బెత్ పోతుంది. మిగిలినవాళ్లు ఎదగాలంటే తోడబుట్టినవాళ్లు చావాల్సిందేనా, రచయితలకు ఇంకో దారే దొరకదా? దుర్గ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ పిల్ల అపు కోసమే పుట్టి, పనైపోగానే వెళ్లిపోయినట్టుంది.

జవాబు 1:
అపు ఎదిగింది అక్క పోయినప్పుడు కాదండీ, ఆ తర్వాత. పొరుగింటి బంగారు కుంకుమభరిణ పోతే దుర్గే తీసిందని కొడతారు, ఆమె తీయలేదనే అంటుంది. ఊరు వదిలి వెళ్లే రోజు ఆ భరిణ అపుకి ఇంట్లోనే దొరుకుతుంది. అమ్మకు చెప్పడు, ఎవరికీ చూపించడు, తీసుకెళ్లి వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. ఆ నవలను సత్యజిత్ రాయ్ తీసిన 1955 సినిమాలో అది పూసల దండ, చెరువులో వేస్తాడు, నాచు చెదిరి మళ్లీ మూసుకుపోతుంది. చనిపోయిన అక్క పరువు ఇక తనే కాపాడాలని ఆ పిల్లాడికి ఎవరు చెప్పారు? నాకు కళ్లనీళ్లు తెప్పించింది చావు కాదు, ఇది.

జవాబు 2:
పై జవాబు బాగుంది, అయినా ప్రశ్న అడిగినవారి కోపంలో న్యాయం ఉంది. 1929 నాటి నవలలో దుర్గ అసలు రైలే చూడదు. జ్వరంలో పడుకుని, నాకు తగ్గాక ఒకసారి రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణే అడుగుతుంది. తర్వాత అమ్మానాన్నలతో రైలెక్కి వెళ్లేది ఇద్దరిలో అపు ఒక్కడే. ఆడపిల్లకు ఊరి పొలిమేర, మగపిల్లాడికి ప్రపంచం.

జవాబు 3:
చావు లేకుండానే ఎదగడం కూడా ‘లిటిల్ విమెన్’లోనే ఉంది కదా. నాటకానికి తీసుకెళ్లలేదని చెల్లెలు ఎమీ, తన అక్క జో రాసుకున్న కథల పుస్తకాన్ని పొయ్యిలో పడేస్తుంది. జో మాట్లాడటం మానేస్తుంది. మర్నాడు నది మధ్యలో మంచు పలచగా ఉందని తెలిసి కూడా చెల్లికి చెప్పదు, ఎమీ నీళ్లలో పడిపోతుంది. బతుకుతుందనుకోండి, కానీ తన కోపం ఎంతపని చేయగలదో జోకి ఆ రాత్రే తెలిసొస్తుంది. అక్కాచెల్లెళ్ల మధ్య ఇంత కసిని దాచకుండా రాయడం నాకు చాలా నచ్చింది. బెత్ గురించి మాత్రం నేనూ మీ వైపే, ఆమెకు మంచితనం తప్ప తనదంటూ ఒక్క కోరికైనా ఇచ్చి ఉండాల్సింది.