దానం చేసేవాళ్లం కలిసి కూర్చుంటే నిజంగా ఏమైనా నేర్చుకుంటామా?

ఆరుగురిలో ఒకడు:
కంపెనీ అమ్మాక చేతికొచ్చిన డబ్బులో సగం దానానికి పెడదామని ఇంట్లో అనుకున్నాం. ఇదే ఆలోచనతో ఇంకో ఐదుగురు దొరికారు. మూణ్ణెల్లకోసారి కలుస్తున్నాం. ఇప్పటికి నాలుగు మీటింగులయ్యాయి. ప్రతిసారీ ఒకరు స్లైడ్లు వేస్తారు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు చూపిస్తారు, మిగతావాళ్లం చప్పట్లు కొడతాం. మొన్న ఇంటికొచ్చాక మా ఆవిడ "ఇవాళ ఏం తెలుసుకున్నారు?" అంటే నా దగ్గర జవాబు లేదు. గివింగ్ ప్లెడ్జ్ అని, ఆస్తిలో సగానికి పైగా దానం చేస్తామని కుబేరులు మాటిచ్చేది ఉంది కదా, అందులో చేరినవాళ్లు కూడా ఏటా కలుస్తారట. అసలు ఇలాంటి చోట ఒకరి నుంచి ఒకరు నేర్చుకునేది ఏముంటుంది? మేం ఏం మార్చుకోవాలి?

పాత చెక్కుబుక్కు:
మీది చదివి నవ్వొచ్చిందండీ. మా మొదటి రెండేళ్లూ అచ్చం ఇంతే. మేం తొమ్మిదిమందిమి, ఆరేళ్లుగా కలుస్తున్నాం.

పద్ధతి మారింది నా వల్లే, అదీ నేను చేసిన తెలివితక్కువ పని వల్ల. ఒక బడికి ముప్ఫై కంప్యూటర్లు ఇచ్చాను. ఏడాది తర్వాత చెప్పకుండా వెళ్లి చూస్తే పద్దెనిమిది అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, టేపు కూడా చింపలేదు. ఆ గదిలో ప్లగ్గులు ఆరే! ఇచ్చేముందు నేను అడగలేదు, ఇచ్చేవాడి ముందు వాళ్లూ నోరు తెరవలేదు. ఆ పెట్టెల ఫొటో తీసుకెళ్లి మీటింగులో పెట్టాను. కాసేపు అందరూ ఫొటో వంకే చూశారు. తర్వాత మాలో అందరికంటే పెద్దాయన "నాది ఇంకా ఘోరం" అని మొదలుపెట్టారు. రాత్రి పదింటిదాకా ఎవరూ లేవలేదు. అప్పటినుంచి స్లైడ్లు బంద్. మొదటి అరగంట ఈసారి ఏది బెడిసికొట్టిందో చెప్పుకోవడానికే.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. గేట్స్ ఫౌండేషన్ అమెరికాలో చిన్న హైస్కూళ్ల మీద బోలెడు ఖర్చుపెట్టింది. వాటిలో చాలాచోట్ల పిల్లల చదువు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదని 2009 వార్షిక లేఖలో బిల్ గేట్సే రాశారు. నా మటుకు ఆ ఒక్క లేఖ వంద సన్మాన సభల పెట్టు.

అమెరికన్ వ్యాపారి చక్ ఫీనీ సంగతీ చూడండి. ఎయిర్‌పోర్టుల్లో పన్ను లేకుండా అమ్మే డ్యూటీ ఫ్రీ షాపుల్లో తన వాటా 1984లోనే గుట్టుగా ఫౌండేషన్‌కి రాసిచ్చేశారు. 1997 దాకా లోకానికి తెలియదు. గుప్తదానం గొప్పదే, కాదనను. కానీ అన్నేళ్లూ ఆయన్ను చూసి నేర్చుకునే దారి ఇంకొకరికి లేకుండా పోయింది. 2011లో ఆయన ప్లెడ్జ్ మీద సంతకం పెట్టారు. దాదాపు 800 కోట్ల డాలర్లు పంచేసి 2020లో ఫౌండేషన్ మూసేశారు. 2045కల్లా తన ఫౌండేషన్‌నూ మూసేస్తానని 2025లో గేట్స్ అన్నప్పుడు నాకు ఫీనీయే గుర్తొచ్చారు.

లెక్కల మనిషి:
అంతా బాగుంది గానీ, గివింగ్ ప్లెడ్జ్‌ని 2010లో గేట్స్ దంపతులు, వారెన్ బఫెట్ మొదలుపెట్టినప్పటినుంచీ అది మాట ఇవ్వడమే, చట్టపరమైన కట్టుబాటేమీ లేదు. సగానికి పైగా ఇస్తామన్నవాళ్లు సొంత ఫౌండేషన్‌లో వేసుకున్నా ఇచ్చినట్టే లెక్క. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్ ఏటా తప్పనిసరిగా ఖర్చుపెట్టాల్సింది ఆస్తిలో సుమారు 5 శాతమే. డబ్బున్నవాళ్లు డబ్బున్నవాళ్ల దగ్గరే నేర్చుకుంటూ పోతే, తీసుకునేవాళ్ల గోడు వినేదెవరు?

పాత చెక్కుబుక్కు:
అది నిజం. మేం ఏడాదికోసారి సంస్థలవాళ్లను పిలుస్తాం. మొదటిసారి అందరూ మమ్మల్ని పొగిడి వెళ్లిపోయారు. రెండోసారి మూడేళ్ల డబ్బు ముందే ఖాతాల్లో వేసేసి పిలిచాం. ఒకావిడ సంచిలోంచి మా రిపోర్టు ఫారాలు తీసి బల్లమీద పరిచారు. తొమ్మిదిమందివి తొమ్మిది రకాలు. "వీటిని నింపడానికే ఒక మనిషిని పెట్టుకున్నాం. ఆ జీతం మీలో ఎవరూ ఇవ్వరు" అన్నారు. ఇప్పుడు అందరికీ ఒకటే ఫారం, రెండు పేజీలు. అమెజాన్ జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకంజీ స్కాట్ షరతుల్లేకుండా ఇస్తున్నారని అంతకుముందు చదివి తలూపినవాళ్లమే. ఆ కాగితాలు చూశాక గానీ బుర్రకెక్కలేదు.

ఆరుగురిలో ఒకడు:
వచ్చే మీటింగులో వంతు నాదే. నేను స్కాలర్‌షిప్ ఇచ్చిన నలభైమందిలో పదకొండుమంది మధ్యలో మానేశారు. ఎందుకని ఇంతవరకు ఒక్కరినీ అడగలేదు. ఆ పదకొండుమందితో మాట్లాడాకే వెళ్తాను. ఇందాక ఇద్దరికి ఫోన్ చేశా. ఒకటి స్విచ్చాఫ్. రెండో అబ్బాయి రేపు సాయంత్రం చేయమన్నాడు, డ్యూటీలో ఉన్నాడట.