ఆర్కెస్ట్రా కండక్టర్ స్త్రీ అయితే తెలుగులో ఏమందాం?

ఒక చిన్న పత్రికకి అమెరికన్ ఆర్కెస్ట్రా కండక్టర్ మేరిన్ ఆల్సాప్ గారి గురించి రాస్తూ రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. లండన్‌లో ఏటా వేసవిలో వరసగా జరిగే ప్రామ్స్ కచేరీలు 1895లో మొదలైతే, ఆఖరి రాత్రి కచేరీని ఒక స్త్రీ నడిపించడం 2013లో ఈవిడతోనే మొదలు. మరి ఈవిడని ఏమనాలి? కండక్టర్ అని వదిలేస్తే మన బెజవాడలో ఎవరికైనా ముందు బస్సే గుర్తొస్తుంది. సంగీత దర్శకురాలంటే సినిమాకి బాణీలు కట్టే ఆవిడ. నిర్వాహకురాలంటే హాలు మాట్లాడి కుర్చీలు వేయించే ఆవిడ అనుకుంటారు. ‘వాద్యబృంద సారథి’ ఎలా ఉంది? సారథికి ఆడా మగా తేడా లేదు, పైగా పగ్గాలు పట్టుకుని అంతమందిని ఒకే నడకలో తీసుకెళ్ళడమే కదా ఆవిడ పని.

జవాబు: సారథి బాగుందండీ, కానీ ముందు ‘మహిళా’ తగిలించేస్తారు చూడండి. గుంటూరులో ఒక కచేరీ కరపత్రంలో నా పేరు పక్కన ‘లేడీ మృదంగిస్ట్’ అని వేశారు. ఘటం వాయించిన ఆయనకి మాత్రం ఉత్త ‘ఘటం’. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు బాధగానే ఉంది.

నా బాధా అదేనండీ. మన విజయవాడలోనే దండమూడి సుమతి గారు ఉన్నారు, మృదంగ విద్వాంసురాలు, 2021లో పద్మశ్రీ వచ్చింది. ‘విద్వాంసురాలు’లో ‘రాలు’ ఉండనే ఉంది, మళ్ళీ ముందు ‘మహిళా’ ఎందుకు? ‘పురుష మృదంగ విద్వాంసుడు’ అని ఎవరం రాయం కదా. ‘విదుషీమణి’ కూడా నాకు నచ్చదు, విదుషి అంటే చాలు, చదువుకున్న మనిషికి ఆ మణి దేనికి? 1968లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు స్త్రీలలో మొదటిసారి మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు, అంతకుముందు మగవాళ్ళకి ఇచ్చిన బిరుదే, ఒక్క అక్షరం మార్చలేదు.

ఇంకో జవాబు: అలాగని స్త్రీ అన్న మాటే తీసేస్తే చరిత్ర పోతుంది సార్. వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా 1997 దాకా స్త్రీలని సభ్యులుగా చేర్చుకోలేదు, అది చెప్పాలిగా.

చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. అడ్డుకున్నారన్న సంగతి వాక్యంలో పెట్టి గట్టిగా చెబుదాం, ఆవిడ పేరుకి మాత్రం అతికించొద్దు. ప్రస్తుతానికి ‘వాద్యబృంద సారథి మేరిన్ ఆల్సాప్’ అని రాసుకున్నాను. ఇంకా మంచి మాట తడితే శనివారంలోగా చెప్పండి, ఆ తర్వాత ప్రెస్‌కి వెళ్ళిపోతుంది.