నెబ్రాస్కాలోని అలయన్స్‌కి వెళ్తున్నాం, ఊరి సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

లాలాగూడ అమ్మాయి:
అందరికీ నమస్కారం. మావారు డాక్టరు, అమెరికాలో రెసిడెన్సీ (ఆస్పత్రిలో చేసే శిక్షణ) అయిపోయింది. జే-1 వేవర్ (ఆ వీసా మీద వచ్చిన డాక్టర్లు స్వదేశం తిరిగి వెళ్లాలన్న షరతుకు మినహాయింపు) మీద నెబ్రాస్కాలో అలయన్స్ అనే ఊళ్లో ఉద్యోగం ఒప్పుకున్నారు, మూడేళ్లు అక్కడే. నేనూ, రెండేళ్ల పాపా సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి బయల్దేరుతున్నాం. మా నాన్న రైల్వేలో చేశారు, నేను పెరిగింది లాలాగూడ క్వార్టర్స్‌లో. అది రైల్వే ఊరని తెలిసి కాస్త ధైర్యం వచ్చింది. జనాభా ఎంత? చుట్టుపక్కల ఏముంది? రైలెక్కి డెన్వర్ వెళ్లి రావచ్చా?

పాత నెబ్రాస్కా:
అమ్మా, రైలు మీద ఆశ ఇప్పుడే వదిలేసుకో. ఆ పట్టాల మీద మనుషులు ఎక్కే రైలు ఒక్కటీ లేదు, అన్నీ గూడ్సులే. వయోమింగ్‌లో పౌడర్ రివర్ గనుల నుంచి బొగ్గు మోసుకొస్తాయి. వందకు పైగా వ్యాగన్లు, మైలుకు మించిన పొడవు. గేటు పడితే ఇంజన్ ఆపేసి కూర్చోవడమే. రైల్వే లైను వచ్చాకే, 1888లో, ఆ ఊరు పుట్టింది. మన డోర్నకల్‌లాగా అనుకో. కానీ డోర్నకల్‌లో దిగితే ఇంకో రైలు ఎక్కొచ్చు, ఇక్కడ కారు లేకపోతే ఇంట్లోంచి కదల్లేవు. డెన్వర్‌కి కారులో దాదాపు 4 గంటలు. ఇంటర్‌స్టేట్ 80 అనే పెద్ద హైవే కూడా ఊరికి దగ్గర్లో లేదు, దక్షిణానికి చాలా దూరం వెళ్లాలి. జనాభా 2020 లెక్కల్లో 8,151. 2000లో 8,959 ఉండేది.

ఒమాహా బాబాయి:
పదివేలకు పైనే అనుకో తల్లీ. 10,842.

పాత నెబ్రాస్కా:
అది ఆ ఊరున్న బాక్స్ బ్యూట్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం లెక్క బాబాయ్. ఊరూ కౌంటీ కలిపేస్తే కొత్తవాళ్లు అయోమయంలో పడతారు. కౌంటీలో నలుగురిలో ముగ్గురు ఆ ఒక్క ఊళ్లోనే ఉన్నారంటే, మిగతా నేలంతా ఎంత ఖాళీయో ఆలోచించండి.

ఒమాహా బాబాయి:
ఆస్పత్రికి వచ్చేది కౌంటీ జనమంతా కదా. డాక్టరుగారి ఇంటికి ఆ లెక్కే ముఖ్యం. నేను మార్చుకోను.

పద్మక్క:
లెక్కలు తర్వాత చూసుకుందురు, ముందు ఇంటి సంగతి చెప్పనివ్వండి. అమ్మాయీ, మేమున్నది అలయన్స్ కాదు, పశ్చిమ నెబ్రాస్కాలోనే ఇంకో చిన్న ఊరు. ఫొటోలు చూసి, ఫోన్లోనే మాట్లాడి ఇల్లు ఒప్పుకున్నాం. ఓనరు రెండు నెలల డిపాజిట్ అడిగితే ఇచ్చేశాం. వచ్చి చూస్తే పట్టాలు రెండు వీధుల అవతల! గేటు దగ్గరకొచ్చిన ప్రతి రైలూ హారన్ కొట్టాలి, అది రూలు: రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒక పొడుగు. రాత్రి రెండింటికీ అంతే. బాబు ఉలిక్కిపడి లేచేవాడు. జనవరిలో ఇంటిని వేడిగా ఉంచే ఫర్నేస్ ఆగిపోయింది. ఓనరుకి చెప్తే రేపు, ఎల్లుండి అంటూ తిప్పాడు. మూడో రోజు పైపులో నీళ్లు గడ్డకట్టి పగిలి, వంటింటి నేల తడిసి ఉబ్బిపోయింది. ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చంతా మా డిపాజిట్‌లోంచి కోసుకున్నాడు. మేము పెట్టిన మెసేజీలన్నీ దాచుకున్నాం కాబట్టి, లీగల్ ఎయిడ్‌కి (ఉచిత న్యాయసహాయానికి) వెళ్తామని రాశాక సగం వెనక్కొచ్చింది. మిగతా సగం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. నెబ్రాస్కాలో ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, పెంపుడు జంతువులుంటే తప్ప. ఖాళీ చేసిన 14 రోజుల్లో లెక్క తేల్చాలి. నాకు అప్పుడు తెలియదు, నీకు ఇప్పుడే తెలియాలని రాస్తున్నాను. మీవారిని ఒకసారి రాత్రిపూట ఆ వీధిలోకి వెళ్లి నిలబడమను. హారన్ ఎంత గట్టిగా వినిపిస్తుందో విన్నాకే సంతకం.

స్కాట్స్‌బ్లఫ్ తమ్ముడు:
అక్కా, అసలు స్కాట్స్‌బ్లఫ్‌లో ఇల్లు తీసుకుంటే సరిపోతుంది. అలయన్స్‌కి సుమారు 55 మైళ్లు, గంట లోపే. షాపులు ఎక్కువ.

పాత నెబ్రాస్కా:
తమ్ముడూ, ఈ సలహా మాత్రం ఇవ్వకు. ఆన్‌కాల్ డాక్టరు, అంటే పిలవగానే ఆస్పత్రికి రావాల్సినవాడు, గంట దూరంలో ఉంటే ఎలా? పైగా ఆ మైదానంలో గాలికి అడ్డు లేదు. మంచు పడటం ఆగిపోయినా, పడిన మంచే లేచి ఎదుటి కారు కనపడదు. రోడ్లు మూసేస్తారు.

స్కాట్స్‌బ్లఫ్ తమ్ముడు:
నేను ఆరేళ్లుగా తిరుగుతున్నానన్నా. ఏడాదికి నాలుగైదు రోజులే ఇబ్బంది.

పాత నెబ్రాస్కా:
ఆ నాలుగైదు రోజుల్లోనే పేషెంటుకి డాక్టరు కావాల్సి వస్తుంది.

పద్మక్క:
ఇద్దరూ ఆపండి. అమ్మాయి చుట్టుపక్కల ఏముందని అడిగింది, ఎవరూ చెప్పలేదు. తూర్పువైపు శాండ్‌హిల్స్ మొదలవుతాయి. దాదాపు 50 వేల చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు, వాటినంతా గడ్డి కప్పేసి ఉంటుంది. జూన్‌లో పచ్చగా ఉన్నప్పుడు చూడు, నాకు కళ్లు చెమర్చాయి. కానీ అటు వెళ్తే పెట్రోలు సగానికి తగ్గనివ్వకు, బంకులు దూరం దూరం. ఊరికి ఉత్తరాన కార్‌హెంజ్ ఉంది. పాత కార్లను నిలబెట్టి, బూడిద రంగు వేసి, ఇంగ్లండులోని పురాతన రాతి కట్టడం స్టోన్‌హెంజ్‌లా 1987లో కట్టారు. పాపకి నచ్చుతుంది.

ఒమాహా బాబాయి:
టైము సంగతి మరిచారు. మా ఒమాహా టైము వేరు, అక్కడి టైము వేరు, ఒక గంట వెనక. హైదరాబాద్‌తో చలికాలంలో పన్నెండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదకొండున్నర. అమ్మానాన్నలకి ముందే చెప్పు, లేకపోతే ఫోను రాలేదని టెన్షన్ పడతారు.

లాలాగూడ అమ్మాయి:
అందరికీ చాలా చాలా థాంక్స్. డిపాజిట్ మాట వినగానే మావారికి ఫోన్ చేశాను. ఆయన చూసిన ఇంటికి నెలన్నర అడుగుతున్నారట! పద్మక్కా, ఆ రూలు చూపించి మాట్లాడతారు. హారన్ నాకు జోలపాటే, పాప సంగతే చూడాలి. ఇంకొక్కటి, మిక్సీ తెచ్చుకోనా?

పద్మక్క:
మన ఇండియా కరెంటుకి చేసింది వద్దు, 110 వోల్టులదే కొనుక్కో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అడిగి చూడు. కుక్కర్‌కి రెండు గాస్కెట్లు ఎక్కువ పెట్టుకో. ఆ ఊరు సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తున ఉంది, మామూలు గిన్నెలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు.